పెదతిరుమలాచార్యులకు మనము తీర్పని ఋణము

తాళ్లపాక యన్నంతనే ఆంధ్రులకు అన్నమాచార్యుల పేరు స్ఫురించును. అది యుచితమే. కాని ఆ యొక్క పేరుతోడనే మన తెలివి ముగియుచున్నది. ఇది మాత్రము ఉచితము గాదు. ఏ మహనీయుని మూలమున ఆ సంకీర్తనలు నేటివరకు నిలిచినవో, ఎవడు తానును గొప్ప వాగ్గేయకారుడై తండ్రి పాటల ప్రక్కనే తన పాటలను నిలిపెనో, ఆ పెదతిరుమలాచార్యుల పేరు మన యిండ్లలో నెందరికి దెలియును?

అన్నమయ్య 1408లో జన్మించి 1503లో పరమపదించెను. ఆయన 1424లో, పదునాఱవ యేట, సంకీర్తనారచన కుపక్రమించినట్లు ఆయన రాగిరేకులే చెప్పుచున్నవి. నిర్యాణకాలమును గూడ అవియే చెప్పుచున్నవి. కవి నిర్యాణమును దెలుపు రేకు కవి జీవించియుండగా చెక్కబడజాలదు గదా! ఆ కార్యమునకు బూనుకొన్నవాడు కుమారుడు. తాటాకును పురుగు తినును, చెద తినును, అగ్ని దహించును. ఇది యెఱిగి యాతడు రాగిని నమ్మెను. రేకులు రెండువేలకు మించినవి. ఒక్కొక్కదానిపై సుమారాఱు పాటలు. కృష్ణరాయల కాలమునను అచ్యుతరాయల కాలమునను తాను గడించిన ధనమును ఆతడు మేడలకు వెచ్చింపలేదు. స్వామి కైంకర్యములకు సమర్పించిన గ్రామములను గూర్చి తిరుమల శాసనములు పలుకుచున్నవి. రేకులను ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపఱచెను. అన్నమయ్య పాటలలో నేడు సుమారు పండ్రెండువేలు మిగిలియున్నవన్న ఆ పుణ్యము ఈ కుమారునిదే.

ఇంతమాత్రమే యైనచో ఆతనిని మంచి కుమారుడని కొనియాడి యూరకుండవచ్చును. కాని ఆతడు కేవలము తండ్రిసొత్తు గాచిన కావలివాడు గాడు. అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు స్వయముగా రచించెను. వైరాగ్య వచనమాలికా గీతములను పేర వచనమునే స్వామి సన్నిధిని నివేదనము గావించెను. సుదర్శన రగడ, నీతిసీస శతకము, వేంకటేశ్వరోదాహరణము ఆతనివే. భగవద్గీతను తెలుగు వచనమున నందించినవాడును ఆతడే. సంస్కృతము రానివారికి గీతార్థ మందరాదని వాదించిన పండితులు నిన్నమొన్నటివరకు నుండిరి. నాలుగైదు వందల యేండ్లకు బూర్వమే వైష్ణవాచార్యు డొకడు ఆ తలుపును తెలుగువారికి దెఱచెను. సంస్కరణము సంస్కరణమని పలుకు మనమే ఆతనిని మఱచుట యెంత చిత్రము!

తెనాలి రామకృష్ణుని పేర ప్రచారములోనున్న చాటుపద్య మొకటి గలదు. ద్విపదకు చిన్నన్నను బేర్కొని, పదమునకు వచ్చునప్పటికి ఆ పద్యము చెప్పిన పేరు పెదతిరుమలయ్యదే. ఆ చాటువు ఎవరిదైన నగుగాక. పూర్వులు ఆతని నెట్టి పీఠమున గూర్చుండబెట్టిరో దానివలన దెలియుచున్నది. ఆ పీఠమునుండి దించినవారము మనమే.

1922 ప్రాంతమున ఆ రేకులు భాండారమునుండి వెలికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగు మహాపండితులు వానిని పరిష్కరించిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. 1997లో చలనచిత్రము ఆ పేరును పల్లెపల్లెకు జేర్చెను. 2022లో ఒక జిల్లాకే ఆ పేరు పెట్టిరి. ఇవన్నియు సంతోషకరములే. కాని తండ్రి పాటలకు లభించిన యాదరము కుమారుని పాటలకు లభింపలేదు. రేకులపై రాగనామములే యున్నవి, స్వరములు లేవు. ఎవరైన బాణీ కట్టి పాడిననే గాని ఆ పాటకు బ్రాణము రాదు. తండ్రి పాటలకు బాణీలు గట్టినవా రెందఱో యుండగా కుమారుని పాటలు గ్రంథములలో మౌనముగా బడియున్నవి.

పాడబడినవానికైనను పేరు దక్కుచున్నదా? తాత, తండ్రి, మనుమడు ముగ్గురును వేంకటేశ ముద్రనే వాడిరి. ఆ ముద్ర చెవిని బడినంతనే అన్నమయ్య కీర్తన యని ప్రకటించుట మనకు పరిపాటి యైనది. రేకులపై ఎవరి పాటలు వారి పేరనే విడదీయబడియున్నవి. అచ్చు సంపుటములును అట్లే యున్నవి. కనుక దీనిని అజ్ఞాన మనరాదు, సోమరితన మనవలెను. గతానుగతిక న్యాయమునకు ఇంతకంటె నిదర్శనము వలదు.

కొందఱు "భగవన్నామము ముఖ్యము గాని కర్త పేరుతో బనియేమి?" అందురు. వినుటకు వైరాగ్యమువలె నున్నది. పనిలేనిచో అన్నమయ్య పేరు మాత్ర మేల? పేరుతో బనిలేదని ఆ తాళ్లపాకవారు తలచియుండిన రాగిపై పేర్లను చెక్కించియుందురా? మఱికొందఱు "కుమారుడు తండ్రి యడుగుజాడల నడచినవాడే గదా" అందురు. స్థాలీపులాక న్యాయమున నొక మెతుకైన బట్టిచూడక అన్నము రుచిలేదనుట యే న్యాయము? ఐరోపాలో సెబాస్టియన్ బాక్ అను సంగీతకర్త కుమారుల కీర్తిచే చిరకాలము మఱుగుపడియుండెను. 1829లో మెండెల్సన్ ఆయన మహాకృతిని బెర్లినులో మరల వినిపించిన పిమ్మట ఆయన కీర్తి ప్రకాశించెను. అంతమాత్రమున వా రిమాన్యుయేల్ మొదలగు కుమారులను చెత్తబుట్టలో బడవేయలేదు. వారి కృతులను వెదకి యచ్చొత్తించుచునే యున్నారు. ఒక దీపమును వెలిగించుటకు వేఱొకదాని నార్పనక్కఱలేదు.

మన జాతికొక చెడ్డ యలవాటు గలదు. ఒక్క మహనీయుని దేవునిజేసి, పటము గట్టి, పూలమాల వేసి, ఆయన వ్రాసినది చదువుటమాత్రము మానుదుము. ఆయన చుట్టునున్నవారినందఱను ఆ పటము వెనుకకు నెట్టుదుము. పూజ సులభము, పఠనము కష్టము. పెదతిరుమలయ్య ఆ కష్టము వలననే మఱుగుపడెను.

గృహిణులారా, గృహస్థులారా! ఈ ఋణము తీర్చుటకు సభలు వలదు, చందాలు వలదు. మీ బిడ్డకు పాట నేర్పువారిని "ఇది తాళ్లపాకవారిలో ఎవరిది?" అని యడుగుడు. తెలియదన్నచో సంపుటము దెఱచి చూడుమనుడు. పదిపాటలు నేర్పించినచోట ఒక్కటి పెదతిరుమలయ్యది కోరుడు. కచేరీ జాబితాలో కర్త పేరు తప్పుపడినచో మర్యాదగా దిద్దుడు. తండ్రి పేరు నిలుపుటకై రాగిని గరగించినవాని పేరు నిలుపుటకు మనము పలుకవలసినది ఒక్క మాట. ఆ మాటకైన లోభ మేల?