బండి మొరాయిస్తే కాల్‌షీటు గల్లంతే!
ఫిలింనగర్‌: తెల్లవారకముందే కృష్ణానగర్‌ గల్లీల నుంచి జూబ్లీహిల్స్‌, ఫిలింనగర్‌ స్టూడియోలకు బయలుదేరే జూనియర్‌ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్‌ సహాయకుల్లో పలువురికి సెకండ్‌హ్యాండ్‌ మోటారు సైకిలే ఆధారం. చెప్పిన వేళకు సెట్లో లేకుంటే ఆ రోజు కూలి మరొకరి పాలవుతుంది.

1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్‌ వంటి బండ్లు ఏళ్లు గడిచినా నడుస్తున్నాయంటే వాటి నిర్మాణం సరళం కావడమే కారణం. అయితే ఆ 97.2 సీసీ ఇంజిన్‌లో పట్టే ఆయిలు సుమారు లీటరే. పిస్టన్‌కు, క్లచ్‌కు, గేర్లకు అదే దిక్కు. రింగులు అరిగి ఆ కాస్తా కాలిపోతున్నా మూత విప్పి డిప్‌స్టిక్‌ చూసేవారు అరుదు. గాలి తగిలి చల్లబడవలసిన ఇంజిన్‌, చెక్‌పోస్టు కూడలి రద్దీలో ఆగుతూ, రెండో గేరులో ఎత్తెక్కుతూ మరింత కాగిపోతుంది. వయసు మీద పడే నింద చాలాసార్లు ఆయిలు మీద పడవలసినదే.

ఇప్పుడు దీనికి ఇథనాల్‌ తోడైంది. పెట్రోలులో దాని వాటా 2025లో 20 శాతానికి చేరింది. పెద్ద ఇబ్బందేమీ లేదంటూనే, పాత వాహనాల్లో 20-30 వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని పెట్రోలియం శాఖ ఆ ఏడాది ఆగస్టులో అంగీకరించింది. రోజూ తిరిగే బండికి అదేమంత దూరం కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 అమలయ్యాక వచ్చిన బండ్లలో చాలావాటికి ఇంధనం పాళ్లను సర్దుకునే సెన్సర్లున్నాయి. కార్బురేటర్‌కు ఆ వెసులుబాటు లేదు. జెట్టు ఎంత వదిలితే అంతే. పెట్రోలు పాలు పలుచబడి ఇంజిన్‌ వేడి పెరుగుతుంది.

ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది. 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మెతో రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచాయి. అలా బండి కదలకుండా నిలిచే రోజుల్లోనే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది, ఆ తుప్పే జెట్టుకు అడ్డుపడుతుంది. ట్యాంకును నిండుగా ఉంచి, కార్బురేటర్‌ కింది స్క్రూ విప్పి పాత పెట్రోలు వదిలివేస్తే ఈ బెడద తగ్గుతుంది. ఖర్చు లేని పనే.

కొనేవారు మాత్రం చల్లని ఇంజిన్‌నే స్టార్ట్‌ చేయించి చూడాలి. ముందే వేడిచేసి ఉంచిన బండి లోపాలను దాస్తుంది. సైలెన్సర్‌ నుంచి నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టే, బోరుకు వచ్చి ఉండవచ్చు. బోరింగ్‌ సాధారణంగా 0.25 మి.మీ. చొప్పున ఒక మి.మీ. వరకే సాధ్యం, ఆపైన బ్లాక్‌ మార్చక తప్పదు. ఇప్పటికి ఎన్నిసార్లు బోరు చేయించారన్నది బేరానికి ముందే అడగవలసిన ప్రశ్న.