ఈ నెల మాట: గిలాబు

ఈసారి ఇంటి గోడకు చేసే గిలాబు గురించి రాస్తున్న. మన షోలాపూర్‌లో మరాఠోళ్ళు దీన్ని గిలావా అంటరు, తెలంగాణ ఊళ్ళల్లో మనోళ్ళు గిలాబు అంటరు. రెండూ ఒక్క మూలం నుంచి వచ్చిన మాటలే. ఫారసీలో గిల్ అంటే మట్టి, ఆబ్ అంటే నీళ్ళు. అదే గులాబీలో గుల్ అంటే పువ్వు. గుడి తీసి కొమ్ము పెడితే బురద కాస్తా పువ్వయితది!

మన పెద్దల కాలంలో గిలాబు అంటే మట్టి, గడ్డి కలిపి తొక్కి గోడకు మెత్తేది. ఇప్పుడు సిమెంటు, ఇసుక వచ్చినయి. పని మారింది గానీ మాట మారలేదు. ఇప్పుడు ఆ ఒక్క మాటలో మూడు పనులు ఉన్నయి.

లోపలి గోడకు ఒక్క పూత, సుమారు అరంగుళం మందం చాలు. బయటి గోడకు రెండు పూతలు కావాలె, రెండూ కలిపి ముప్పావు అంగుళం దాకా ఉండాలె. మొదటి పూత మీద గీతలు పెట్టి గరుకుగా వదిలితేనే రెండోది పట్టుకుంటది. పైపూతను ఇసుక రేణువులు కనబడేటట్టు రుద్దుతరు. చేతికి గరుకుగా తగిలిందని నాసి పని అనుకోవద్దు, వానకు ఆగేది అదే.

మూడోది నీరూ. గవండి నోట ఈ మాట వింటే మనం నీళ్ళనుకుంటం. కాదు, అది లోపలి గోడకు నున్నగా పూసే సున్నపు ముద్ద.

మా వాడలో ఒకాయన, ఇంటామె బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలతో ఒక అర్ర కట్టిండు. "గిలాబు అంతా నీదే" అని గవండితో మాట్లాడుకున్నడు. గవండి బయట కూడా ఒక్క పూతే వేసిండు. వానలు పడంగనే గోడ చెమ్మ పట్టింది, గోడ పక్కన పెట్టిన బియ్యం బూజు పట్టినయి. అడిగితే "గిలాబు చేసిన కదా" అన్నడు. అబద్ధం కాదు, ఒప్పందంలోనే మాట సగం ఉన్నది.

అందుకే కూలి మాట్లాడేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాయించుండ్రి. బయట ఎన్ని పూతలు? లోపల నీరూ ఉన్నదా, లేదా? పూత ఆరకుండా ఏడు రోజులు నీళ్ళు కొట్టేది ఎవరు? తెలుగులో రాసినా సరే, మరాఠీలో రాసినా సరే. బయానా ఇచ్చే ముందే సంతకం తీసుకోండ్రి.