ఊరి పేరు రాజు కానుక కారాదు

స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ 1997లో తన చిన్న కూతురు క్రిస్టినా పెళ్లికి ‘పాల్మా దె మయోర్కా డచెస్’ బిరుదు ఇచ్చారు. 2015 జూన్‌లో ఆమె తమ్ముడు, కొత్త రాజు ఆరో ఫెలిపే దాన్ని రద్దు చేశారు. ఇచ్చేటప్పుడు పార్లమెంటును అడగలేదు, తీసేసేటప్పుడూ అడగలేదు. ఇలాంటి బిరుదుల కాలం చెల్లింది. స్పెయిన్ వీటిని పూర్తిగా మానుకోవాలి.

1987 నాటి రాయల్ డిక్రీ ప్రకారం రాజకుటుంబ సభ్యులకు ఈ బిరుదులను రాజు మాత్రమే ఇవ్వగలరు. అవి రాజు దయతో వచ్చేవి, ఆ ఒక్క వ్యక్తికే చెందేవి, బతికున్నంతకాలం ఉండేవి. పిల్లలకు సంక్రమించవు. అదే వీటికి రక్షణ కవచమైంది. భూమి లేదు, జీతం లేదు, అధికారం లేదు, ఒక తరంతో ముగిసిపోయే ముచ్చటకు అభ్యంతరం దేనికని సమర్థకులు అడుగుతారు.

ఆ తరంలోనే ఏం జరిగిందో చూడాలి. క్రిస్టినా భర్త ఇన్యాకి ఉర్దాంగరిన్ ఒలింపిక్ హ్యాండ్‌బాల్ ఆటగాడు. పెళ్లితో పాల్మా డ్యూక్ అయ్యారు. తర్వాత ‘నోఓస్’ అనే లాభాపేక్ష లేని సంస్థను నడిపి బలియారిక్ దీవులు, వలెన్సియా ప్రాంతీయ ప్రభుత్వాల నుంచి లక్షల యూరోల కాంట్రాక్టులు పొందారు. రాజు అల్లుడు వచ్చి అడిగితే పోటీ టెండర్లు, లెక్కల తనిఖీ పక్కకు తప్పుకున్నాయి. బలియారిక్ దీవుల రాజధాని పాల్మాయే. అంటే ఏ ఊరి పేరు పెట్టుకున్నారో ఆ ఊరి ప్రజల పన్నుల సొమ్మే దారి మళ్లింది. జీతం లేని బిరుదుకు విలువ ఉండదన్న వాదన ఇక్కడే కూలిపోయింది.

విచారణ కూడా పాల్మా కోర్టులోనే జరిగింది. 2017లో క్రిస్టినా పన్ను ఎగవేత ఆరోపణల నుంచి నిర్దోషిగా బయటపడ్డారు. అయితే భర్త అక్రమార్జనతో లబ్ధి పొందినందుకు డబ్బు చెల్లించాలని కోర్టు చెప్పింది. ఉర్దాంగరిన్ శిక్షను సుప్రీంకోర్టు 2018లో 5 సంవత్సరాల 10 నెలలుగా ఖరారు చేసింది. ఆయన జైలుకు వెళ్లారు.

పాల్మా నగరపాలక సంస్థ అంతవరకు ఆగలేదు. ఆ దంపతుల గౌరవార్థం ఒక ప్రధాన వీధికి పెట్టిన పేరును 2013లోనే తీసేసింది. కానీ నగరం తొలగించగలిగింది వీధి బోర్డునే. బిరుదు మీద దానికి ఏ హక్కూ లేదు. తన పేరు మోసే మనిషిని ఎంచుకునే అవకాశం లేదు, వద్దనే అవకాశమూ లేదు. రెండేళ్ల తర్వాత రాజు అనుకున్నాకే ఆ పేరు నగరానికి తిరిగి దక్కింది. 14వ అధికరణంలో పౌరులందరూ సమానమని రాసుకున్న 1978 రాజ్యాంగానికి ఇది తగని పద్ధతి.

ఫెలిపే కోర్టు తీర్పు కోసం ఎదురుచూడకుండా సొంత అక్క బిరుదు తీసేయడం సాహసమే, దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాం. అయినా క్రిస్టినా నేటికీ ఇన్ఫాంటాయే (రాకుమారే), సింహాసన వారసుల వరుసలోనూ ఉన్నారు. ఇచ్చేదీ తీసేదీ ఒకరి ఇష్టమే అయినప్పుడు, రేపటి రాజు ఇంత కఠినంగా ఉంటారన్న హామీ ఎక్కడుంది?

ఫెలిపే పెద్దక్క ఎలెనాకు 1995లో దక్కిన ‘లూగో డచెస్’ బిరుదు ఆమెతోనే ముగిసిపోనివ్వాలి. ఫెలిపే చిన్న కూతురు సోఫియా 2007లో పుట్టారు. ఆమె పెళ్లినాటికి మరో నగరం పేరు వెతికే అవసరం రాజుకు రాకూడదు. అందుకు మాడ్రిడ్ మంత్రివర్గం 1987 డిక్రీలో ఈ అధికారం ఇచ్చే అధికరణాన్ని ఇప్పుడే తొలగించాలి.