గింజ రంగును తేల్చేది ఎవరు?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బియ్యాన్ని ఏరే పని ఇప్పుడు కెమెరాది. ఆ యంత్రాన్ని మనవాళ్ళు 'సార్టెక్స్' అంటారు. ఒక ఇంగ్లండు కంపెనీ పేరే యంత్రానికి పేరై నిలిచింది. బియ్యం పలుచని ధారగా జారుతుంటే కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది. రంగు మారిన గింజ కనబడగానే సన్నటి గాలిదెబ్బ దాన్ని పక్కకు నెట్టేస్తుంది. రెప్పపాటులో తీర్పు అయిపోతుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ ఎడమ కాలువ కింద వరి పండించి బతికే వేల కుటుంబాల్లో మాదీ ఒకటి. నిరుడు యాసంగిలో కల్లంలోని మా వడ్లు అకాల వానకు తడిసినయి. కొనేకాడ ఒకాయన నాలుగు గింజలు నలిపి, అరచేతిలో చూసి "రంగు మారింది, తరుగు తీయాలె" అన్నాడు. "ఎంత మారిందయ్యా?" అని నాయిన అడిగితే జవాబు లేదు. ఆ ప్రశ్ననే నేను ల్యాబుకు తెచ్చుకున్నాను.

బియ్యాన్ని నల్లగుడ్డ మీద పరిచి ఫోటో తీశాను. ఫోటో అంటే కంప్యూటరుకు 0 నుంచి 255 వరకు అంకెలే. పసుపు తిరిగిన గింజ నీలి కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది గనుక నీలం అంకెలు మాత్రమే తీసుకున్నాను. గుడ్డకు నలుపు, 170కి దిగువనున్న గింజకు ఎరుపు, ఆపైన తెలుపు అని రంగుల పట్టిక రాశాను. దీన్నే పాలెట్ అంటారు.

ఎర్రగా రావలసిన గింజలన్నీ నీలంగా వచ్చాయి! రెండు రోజులు తల పట్టుకున్నాను. బిట్‌మ్యాప్ ఫైలులో పాలెట్ వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు. నేను ఎరుపు ముందు రాశాను. అది సర్దితే ఇంకో చిక్కు. పొద్దున తెల్లగా ఉన్న గింజలే సాయంత్రం ఎర్రబడ్డాయి. మళ్ళీ పాలెట్ మార్చబోతే మా లెక్చరర్ గారు "రంగులు వదిలి అంకెలు చూడవయ్యా" అన్నారు. చూస్తే, మారింది గింజ కాదు, కిటికీ వెలుతురు. అప్పటినుంచి ప్రతి ఫోటోలో ఓ తెల్లకాగితం ముక్క పెట్టి, ముందు దాని అంకె చూసుకున్నాకే గింజల జోలికి పోయాను.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం మూడో సంగతి. 169 ఉన్న గింజ రక్తంలా, 171 ఉన్న గింజ పాలలా కనబడుతున్నాయి. తేడా రెండే! హద్దును 180కి జరిపితే ఒక్క గింజా మారకుండానే ఎర్రవి పెరిగినయి. పాలెట్ గింజను మార్చదు, మన చూపును మారుస్తుంది. హద్దు గీసినవాడే గింజకు రంగు వేస్తున్నాడు.

ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల ప్రకారం వడ్లలో తేమ 17 శాతం మించరాదు. పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు కలిపి 5 శాతం మించరాదు. తేమకు మీటరు ఉంది. అంకెను రైతు కళ్ళారా చూస్తాడు, నమ్మకపోతే మళ్ళీ పెట్టమంటాడు. మరి రంగుకు? నేను చూసిన చోట అరచెయ్యే కొలత.

రేపు అక్కడికీ కెమెరా రావచ్చు. రావాలి కూడా. యంత్రానికి నేను వ్యతిరేకిని కాను. కానీ "యంత్రం చెప్పింది" అని రైతు నోరు మూయిస్తే అది అరచేతి తీర్పు కంటే మేలేమీ కాదు. హద్దు ఎంత, ఏ వెలుతురులో చూశారు, ఎవరు పెట్టారు అన్న మూడూ గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి. రైతుకు ఇవన్నీ ఏం అర్థమవుతాయని కొందరంటారు. తేమ మీటరు అంకె తెలిసిన మా నాయినకు ఇది తెలియదా?

మిత్రులారా! సూర్యాపేట మార్కెట్ యార్డులో, కోదాడ పల్లెల్లోని కల్లాల్లో ధాన్యం రాశుల పక్కన నిలబడేది మన అమ్మానాయినలే. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ళ పక్కన మనమూ నిలబడదాం. తరుగు తీసేముందు ఒక్క మాట అడుగుదాం: "హద్దు ఎక్కడ గీశారు?" చదివిన సైన్సుకు ఆమాత్రం ప్రయోజనం ఉండాలి కదా.