తలుపుకీ పొంతన చూడాలి

మా ఇంటి ముచ్చట్లు రాయడం మొదలుపెట్టాక మా వ్యాను ప్రసక్తి ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. 2001లో కొన్న మారుతీ ఓమ్నీ అది. మా పిల్లల్ని బడికి తీసుకెళ్ళింది. ఏటా సంక్రాంతికి మమ్మల్నందర్నీ మదనపల్లె దగ్గర మా ఊరు చేర్చింది. ఇప్పుడు మనవరాలు అందులో తిరుగుతోంది. "ఇంకా ఎన్నాళ్ళు నాన్నా, అమ్మెయ్యరాదూ?" అంటాడు మా అబ్బాయి. దానికి జవాబు మా అమ్మే చెబుతుంది: "కొత్త కార్లలోకి నడుం వంచి దూరడం నా వల్ల కాదురా. దీని తలుపు బారుగా పక్కకి జరుగుతుంది. పట్టుకుని ఎక్కేస్తాను."

సరిగ్గా ఆ తలుపుకే దెబ్బ తగిలింది. మా వీధి మలుపులో నీళ్ళ ట్యాంకరు రాసుకుంటూ పోయి ఎడమ తలుపుని అప్పడంలా నొక్కేసింది. ఓమ్నీల తయారీ 2019లోనే ఆగిపోయింది కదా, జె.సి. రోడ్డులో నాలుగు కొట్లు తిరిగినా కొత్త తలుపు దొరకలేదు. చివరికి శివాజీనగరం గుజరీకి వెళ్ళాను.

అక్కడ పాత తలుపులు బీరువాలో పుస్తకాల్లా వరసగా నిలబెట్టి ఉన్నాయి. "కౌన్సా మాడల్ సాబ్?" అని అడిగాడు కొట్టతను. నా చెవికి ఆ ప్రశ్న ఎక్కలేదు. నా కళ్ళు అప్పటికే ఒక తెల్ల తలుపు మీద పడ్డాయి. మా బండీ తెలుపే! రంగు కలిసింది, ఇంకేం కావాలి? బేరమాడి ఆటోలో వేసుకొచ్చేశాను. బిగించాక కాస్త బిగుసుగా జరిగింది, మూడో ఊపుకి గాని పడలేదు. వాడగా వాడగా అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఊరికి బయల్దేరాం. హొసకోట దాటాక ఒక మలుపులో 'టక్' మన్న చప్పుడు, వెంటనే చల్లగాలి. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ పక్క కూర్చున్నది మా మనవరాలు. మా ఆవిడ చప్పున పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. బండి పక్కకి ఆపాను గాని పది నిమిషాల దాకా నా నోట మాట రాలేదు. తలుపుని తాడుతో కట్టి, ఆ పూట వెనక్కి వచ్చేశాం.

మర్నాడు టింకరింగు పనిలో తల నెరిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపు మీద ఆనించాడు. పైభాగాన అతుక్కుంది, కిందికి జరిపేసరికి జారిపడింది. "ఇదంతా పుట్టీ సార్. దెబ్బ తిన్న బండి తలుపుకి పైపూత వేశారు. చట్రం మెలి తిరిగింది, లాకు సగమే పట్టుకుంటోంది" అన్నాడు.

ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్న పాఠాలు మీకూ చెబుతాను. మొదటిది, ఏ సంవత్సరం బండి అన్నది. 1984లో మారుతీ వ్యానుగా వచ్చి, 1988లో ఓమ్నీ అని పేరు మార్చుకున్న ఈ బండికి 1998లో ముఖం మార్చారు, 2005లో మరికొన్ని మార్పులు చేశారు. అంచేత 'ఓమ్నీదే' అంటే చాలదు, ముందు భాగం రేకు విషయంలో మరీను. ఆర్.సి. జిరాక్సు వెంట ఉండాలి. 2010లో వచ్చిన ఈకో కూడా ఆ ఇంటి బిడ్డే అయినా, అన్న చొక్కా తమ్ముడికి పట్టనట్టే దాని తలుపు దీనికి పట్టదు.

రెండోది, వీలైతే పాత తలుపునే వెంట తీసుకెళ్ళాలి. లేదా టేపుతో మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి, రోలర్లు బిగించే చోట్లు, లాకు కన్నాలు కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. కింది అంచు, రబ్బరు బీడింగు వెనక భాగం వేలితో తడిమి చూడాలి. తుప్పు దాక్కునేది అక్కడే. బిల్లు అడిగి తీసుకోవాలి, సరిపోకపోతే వాపసు తీసుకునే మాట ముందే అనిపించుకోవాలి. అద్దం, రంగు పెట్టకముందే ఒకసారి తగిలించి, సందు అంతటా సమంగా ఉందో లేదో చూడాలి. రంగుదేముంది, ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

ఈసారి ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి తెచ్చిన తలుపు నీలం రంగుది. తెల్ల బండికి నీలం తలుపు! రంగు వేయిద్దామంటే మా అమ్మ నవ్వి, "ముందు ఊరికి పద, సింగారం తర్వాత" అంది.

లాకుకి రెండు మెట్లుంటాయని, రెండోది పడితేనే తలుపు పూర్తిగా పడినట్టని మా మనవరాలికి చెప్పాను. అప్పట్నుంచి బండి ఎక్కినప్పుడల్లా చెవి పెట్టి విని, "రెండు టక్కులూ అయ్యాయి తాతా, పోనీ" అంటుంది. అది అనేదాకా నేను గేరు వెయ్యను.