మా పిల్లల వివరాలు ఎవరెవరు చూశారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖ మంత్రులకు,

మా మనవరాలు పదో తరగతి. సంక్రాంతి సెలవులు పూర్తికాకుండానే మా కోడలి ఫోను మోగడం మొదలైంది. ‘అమ్మా, పాపకి ఎంపీసీనా, బైపీసీనా? ఇప్పుడే సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో కన్సెషన్ ఉంటుంది.’ ఫోన్ చేసిన కాలేజీవాడు పాప పేరు, బడి పేరు చెప్పి, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో కూడా చెప్పాడట. నంబరు ఎక్కడిదయ్యా అంటే, ‘మా డేటాలో ఉందమ్మా’ అన్నాడు.

ఇలాంటి డేటా ఎలా పుడుతుందో నాకు తెలుసు. నేను హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. ఓ ఏడాది ఒక కాలేజీ పీఆర్వో కొత్త డైరీ, స్వీట్ల డబ్బా పట్టుకొని వచ్చాడు. ‘బాగా చదివే పేద పిల్లలకు ఫ్రీ సీటు సార్’ అన్నాడు. పదో తరగతి జాబితా ఫోన్ నంబర్లతో సహా జిరాక్స్ తీయించి ఇచ్చాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ వేసవిలో ఒకమ్మాయి తండ్రి వచ్చాడు. ఎవడో రాత్రిళ్లు ఫోన్ చేస్తున్నాడనీ, నంబరే మార్చేశాననీ చెప్పాడు. అది నా జాబితా నుంచే పోయిందా, ఇంకెక్కడి నుంచైనా పోయిందా? ఇప్పటికీ తెలియదు. ఎవరికిచ్చానో, ఎందుకిచ్చానో ఎక్కడా రాసిపెట్టలేదు మరి.

పదో తరగతి నామినల్ రోల్స్‌లో పుట్టిన తేదీ, కులం, తల్లిదండ్రుల పేర్లతోపాటు రెండు పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. ఆడపిల్లల మచ్చలు రాయడానికి టీచరమ్మనే పంపేవాళ్లం. అంత జాగ్రత్త! రాసిన కాగితాలు మాత్రం నా టేబుల్ మీద, వచ్చేపోయేవాళ్ల కళ్లెదుటే, రోజంతా పడుండేవి.

ఇప్పుడా కాగితాలు యూడైస్ ప్లస్‌లోకి, ఇతర పోర్టళ్లలోకి ఎక్కాయి. బీరువా తాళమైతే ఒక్క గుమాస్తా దగ్గరే ఉండేది. లాగిన్, పాస్‌వర్డు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో చెప్పగలిగే బడులెన్ని? 12 అంకెల అపార్ విద్యార్థి గుర్తింపు నంబరుకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అది స్వచ్ఛందం అన్నారు. మా కోడలికి వచ్చిన ఫారంలో సంతకం పెట్టాల్సిన చోట ముందే టిక్కు పెట్టి, ‘రేపు తప్పనిసరి’ అని రాసి పంపారు. స్వచ్ఛందం అంటే ఇదేనేమో!

చట్టం లేదని కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కగట్టింది. వాళ్ల సమాచారం విషయంలో తప్పు చేస్తే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కీలకమైన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు ముగిసేదాకా చేతులు కట్టుకు కూర్చోమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో చదివే మనవాళ్ల పిల్లల్ని అడగండి. అక్కడ విద్యార్థుల రికార్డులపై 1974 నుంచి ఒక చట్టముంది. కాలేజీలో చేరిన కొడుకు రాసివ్వకపోతే, మార్కులు తండ్రికి కూడా సాధారణంగా చెప్పరు. ఫీజు కట్టే మన నాన్నలకు ఇది మింగుడుపడదు, నాకూ పడలేదు. కానీ ఆ చట్టంలో నాకు నచ్చిన మాట ఇంకోటుంది: కొన్ని మినహాయింపులు తప్ప, విద్యార్థి రికార్డును బయటివాళ్లెవరు అడిగినా, ఎవరికిచ్చినా, బడి ఆ సంగతి రాసిపెట్టాలి. నేను చేయని పని అదే.

మీ పోర్టళ్లలో అది కష్టమేమీ కాదు. ఏ లాగిన్ నుంచి, ఏ రోజు, ఎందుకు మా పాప వివరాలు తెరిచారో మా కోడలికి కనబడేలా చేయండి. బడిలో ఉమ్మడి లాగిన్ ఆపి, మనిషికొకటి ఇవ్వండి. జాబితాలు డౌన్‌లోడ్ చేసే వీలు హెడ్మాస్టరుకే ఉంచి, ఏదైనా జరిగితే అతన్నే అడగండి.

డైరీలు, స్వీట్ల డబ్బాలు మళ్లీ డిసెంబరులో బయల్దేరతాయి. పిల్లల జాబితా బయటికిస్తే సంజాయిషీ తప్పదని ఆలోపే బడులకు ఒక సర్క్యులర్ పంపండి. పాత లెక్కలూ అడుగుతామంటే, మొదటి సంజాయిషీ నేనే రాసిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు