దారానికి తగ్గ కండెలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు చేనేత ఇళ్లలో కండెలు చుట్టడం చూసే ఉంటారు. చుట్టకపోతే దారమంతా చిక్కే! మన శరీరంలోనూ ఇదే ఏర్పాటు ఉంది. ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది. కంటికి కనిపించని కేంద్రకంలో అదంతా ఇమిడేది హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకోవడం వల్లే. ఈ 'కండెలు' కణానికి సుమారు 3 కోట్లు.

కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్‌ఏ రెట్టింపవుతుంది. ఆ కొద్ది గంటల్లోనే హిస్టోన్లూ రెట్టింపు కావాలి. తక్కువైతే డీఎన్‌ఏ సరిగా చుట్టుకోదు. ఎక్కువైతే కణానికే చేటు. మరి వేళయిందని హిస్టోన్‌ జన్యువులకు చెప్పేదెవరు? సైక్లిన్‌-ఈ, సీడీకే2 అనే జంట ముందుగా ఎన్‌పాట్‌ అనే ప్రొటీన్‌ను తట్టిలేపుతుంది. అది హిన్‌ఫ్‌పీ, ఆక్ట్‌-1 లాంటి మేస్త్రీలను కలుపుకొని ఆ జన్యువులతో పని మొదలుపెట్టిస్తుంది. డీఎన్‌ఏ తయారీ ఆగిందంటే చాలు, హిస్టోన్ల కోసం వెళ్లిన ఆదేశాలు కూడా వెంటనే చెరిగిపోతాయి.

క్యాన్సర్‌ కణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన మెథోట్రెక్సేట్‌, డీఎన్‌ఏకు ముడిసరుకు అందకుండా చేస్తుంది. దారమే లేనప్పుడు కండెలతో పనేముంది? పిల్లలకొచ్చే రక్త క్యాన్సర్‌కు నేటికీ ఆ మందు వాడుతున్నారు.